బల్ల గుడ్డ మీద తంగేడు

రిబ్బను కుట్టు నేర్చుకుంటామని వచ్చే ఆడపిల్లలకు మా స్వర్ణ వదిన మొట్టమొదట చెప్పే మాట ఒకటే.

"దారం లెక్క గుంజకుర్రి. రిబ్బను గుంజితే సస్తది."

వాళ్లు నవ్వుతారు. నవ్వి, అచ్చం దారం లాగినట్టే లాగుతారు. అప్పటిదాకా బొద్దుగా ఉబ్బి ఉన్న రేకు గుడ్డలోకి దిగబడి, నులిమిన వత్తిలా తయారవుతుంది. వదిన కోప్పడదు. వెనకనుంచి మెల్లగా విప్పి మళ్లీ సూది వాళ్ల చేతికే ఇస్తుంది. నేనైతే నెత్తిన ఒక మొట్టికాయ వేసేదాన్ని. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లల తల్లులు కూడా ఆ మాటే అనుకుంటారు, నా వెనక.

వదిన పుట్టిల్లు రామన్నపేట. పెళ్లయి మర్రిగూడకు వచ్చినప్పుడు ఆమె మగ్గం పని చూడటానికి పక్క ఊళ్లనుంచి కూడా వచ్చేవాళ్లు. ఇక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగీ తాగీ ఆ వేళ్లు కణుపుల దగ్గర బిగిశాయి. సన్న సూది పట్టు దొరకదు. పిడికిలి పూర్తిగా మూతపడదు. తరువాత నల్లా నీళ్లు వచ్చాయి, ప్లాంటు డబ్బాలూ వచ్చాయి. వేళ్లు మాత్రం మళ్లీ రాలేదు. మగ్గం అమ్మేసి కొన్నాళ్లు ఊరికే కూర్చుంది. అప్పుడు చిన్నతనంలో నల్లగొండ హాస్టల్లో మేట్రనమ్మ నేర్పిన రిబ్బను కుట్టు గుర్తొచ్చింది. దానికి లావు సూది చాలు, సూదికి పెద్ద కన్ను ఉంటుంది. పైగా ఆ పనికి బిగించి లాగలేని వేళ్లే కావాలి. మా వదిన కుట్టిన పువ్వు గుడ్డ మీద అంత పొంగి నిలబడటానికి కారణం మా ఊరి నీళ్లే అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆమె కూడా నవ్వేది. అది రూప బతికున్నప్పటి మాట.

రూప మా అన్న యోహానుకూ వదినకూ ఒక్కతే బిడ్డ. నా మేనకోడలు. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీలో బతుకమ్మ ఆడింది. తెలంగాణ వచ్చాక కాలేజీల్లో, ఆఫీసుల్లో అందరూ ఆడుతున్నారు, ఇదీ ఆడింది. ఎవరో తీసిన వీడియో తిరిగి తిరిగి మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడింది. వంగి లేస్తూ చప్పట్లు కొడుతున్న రూపను చూసి మా పెద్దలకు అన్నం సయించలేదు. మా అవ్వ కాలంలో మా వాడవాళ్లు బతుకమ్మ ఎత్తుకొని పోతే ఊరివాళ్లు తమ వరసలో నిలబడనివ్వలేదట. రూప కాలానికి వాళ్లు రమ్మన్నారు, మావాళ్లు వద్దన్నారు. ఒక ఆడపిల్ల చప్పట్లు కొట్టాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కాబోలు.

దాని తరువాత సంవత్సరం హనుమంతును చేసుకుంది. మర్రిగూడ బస్టాండు దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. లింగస్వామి అనే రైతు కొడుకు. మాట నెమ్మది, పని శుభ్రం. పెళ్లి గుడిలో జరిగింది. నేనూ వదినా దొంగల్లా వెళ్లి వెనకాల నిలబడి చూసి వచ్చాం. ఆ మరుసటి ఆదివారం మా సంఘ పెద్ద బెంజమిన్ మైకు ముందుకు వచ్చి, రూపను సంఘంలోనుంచి తీసేసినట్టు ప్రకటించాడు. బెంజమిన్ రిటైరయిన హెడ్మాస్టరు. ఎవరినైనా తరగతిలోనుంచి బయటికి పంపడం ఆయనకు అలవాటే.

పెళ్లయిన మరుసటి వానాకాలం రూపకు డెంగీ జ్వరం వచ్చింది. నల్లగొండ దవాఖానలో వేశారు. ప్లేట్‌లెట్లు కావాలన్నారు. హనుమంతు హైదరాబాదుకు పరుగెత్తాడు. పక్కన వదిన ఒక్కతే ఉంది. అతను డబ్బా పట్టుకొని తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది.

హనుమంతు వాళ్ల చెలక పొలంలోనే మట్టి చేశారు. అన్న ఆ పొద్దున పాస్టరయ్య దగ్గరికి వెళ్లి, వచ్చి ఒక్క ప్రార్థన చేయమని బతిమాలాడు. పాస్టరయ్య చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. ఆయన బెంజమిన్ ముఖం చూశాడు.

"సంఘంల లేని మనిషికి సంఘం ఎట్ల ప్రార్థన జేస్తది యోహానూ?" అన్నాడు బెంజమిన్. "నాకు బాధ లేదా? నా కండ్ల ముంగట పెరిగిన పిల్ల. గని రేపు అందరు గిట్లనే అడుగుతరు."

అన్న తిరిగొచ్చి మట్టి వేసే వరసలో నిలబడ్డాడు. ఆ రోజు తరువాత మా చర్చిలో రూప పేరు ఎవరూ ఎత్తలేదు. వదినను పలకరించేవాళ్లు, ఒంట్లో బాగుందా అని అడిగేవాళ్లు, ఆ ఒక్క పేరు చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. అసలు అలాంటి పిల్ల పుట్టనే లేదన్నట్టు. వదినకు పట్టుకున్న దిగులు అదే. చావును ఎలాగో మింగింది గాని ఈ చప్పుడు లేనితనాన్ని మింగలేకపోయింది.

ఇంతలో పాత రేకుల చర్చి తీసేసి కొత్తగా స్లాబు వేశారు. ప్రతిష్ఠ పండుగ దగ్గరికొచ్చింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చర్చికి ఎవరేమిచ్చినా పేరు చదువుతారు. ఫ్యాను ఇస్తే రెక్క మీద పేరు రాయిస్తారు, కుర్చీలిస్తే వీపు మీద రాయిస్తారు. ప్రతిష్ఠ రోజు 'ఫలానావారి జ్ఞాపకార్థం ఫలానావారు' అని మైకులో చెబుతారు. ఆ ఇంటివాళ్లు తల వంచుకొని కూర్చుంటారు. పోయిన మనిషి ఆ నిమిషం వచ్చి అందరి మధ్యా కూర్చున్నట్టే ఉంటుంది. కాళ్లు చేతులు పడిపోయి పదేళ్లు మంచంలో ఉన్న ముసలివాళ్లకూ, తాగి బావిలో పడ్డవాళ్లకూ కూడా ఆ నిమిషం దక్కింది.

వదిన నన్ను వెంటబెట్టుకొని బెంజమిన్ ఇంటికి వెళ్లింది.

"అన్నా, కొత్త చర్చికి బల్ల గుడ్డ నేను కుడత," అంది. బల్ల అంటే రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల. చర్చిలో అందరి చూపూ పడేది దాని మీదే. "పట్టు రిబ్బనుతోని కుడత. నాకేం వద్దు. రూప జ్ఞాపకార్థం అని ఒక్కసారి మైకుల సదువుర్రి."

బెంజమిన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సూద్దాం చెల్లె. ముందైతే కుట్టు."

చూద్దాం అంటే సరే అని వదిన అనుకుంది. చూద్దాం అంటే కాదని నేను అనుకున్నాను. తిరిగొచ్చే దారిలో ఆమె నడక మారింది. చాలా రోజుల తరువాత నాకన్నా ముందు నడిచింది.

రిబ్బన్లు తెచ్చింది హనుమంతే. రూప పోయినా అతను రావడం మానలేదు. మోటారు పనిమీద ఇటు వస్తే ఒకసారి గుమ్మంలో కూర్చొని నీళ్లు తాగి వెళ్లేవాడు. వదిన అడిగిన పసుపు దొరకాలని కంచె మీది తంగేడు కొమ్మ ఒకటి విరిచి, తడిగుడ్డ చుట్టి, హైదరాబాదు బేగంబజారు దాకా పట్టుకుపోయాడు.

"షాపాయన నవ్విండు అత్తమ్మా," అన్నాడు పొట్లం విప్పుతూ. "పూలు తెచ్చి రిబ్బను కొనేటోన్ని నిన్నే సూసిన అన్నడు. పువ్వు వాడిపోయి రంగు దిగింది. గని నాకు యాదికుంది గదా, సరిగ్గ గిదే పసుపు."

సరిగ్గా అదే పసుపు. వదిన ఆ రిబ్బనును చెంపకు ఆనించుకొని చూసింది. నైలాను అయితే గరుకు, పట్టు అయితే చల్లగా ఉంటుంది అని పిల్లలకు చెబుతుంది గాని, అప్పుడు చూసింది దానికోసం కాదని నాకు తెలుసు.

ఏ పువ్వు కుట్టాలో ఆమె ఎవరినీ అడగలేదు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఫోన్లో గులాబీల బొమ్మలు తీసి చూపిస్తారు. "గులాబీ మన చెలకల ఎన్నడన్న పూసిందా బిడ్డా?" అంటుంది వదిన. "చెట్టు మీద సూడాలె. ఏ రేకు పైకున్నది, ఏ రేకు అలిసిపోయి కిందికి వాలింది, గది సూసి కుట్టాలె. బొమ్మల సూసి కుడితె అన్ని రేకులు ఒక్క తీరుగనే ఉంటయి." అందుకని వదిన రోజూ పొద్దున చర్చి వెనక బీడులోకి వెళ్లి వచ్చేది. రూప చిన్నప్పుడు లంగా ఒడి నిండా పూలు కోసుకొని తిరిగిన బీడు అది.

గుడ్డ నడుమ తంగేడు గుత్తి వేసింది. రిబ్బనును గుడ్డ మీద పరిచి, ఆ రిబ్బను కొసలోనుంచే సూదిని దించి, మెల్లగా, ఆగి ఆగి లాగాలి. కొస ముడుచుకొని రేకులా వంగగానే చెయ్యి ఆపేయాలి. ఇంకొంచెం లాగితే రేకు ఉండదు. ఎక్కడ ఆపాలో మాటల్లో చెప్పలేను అంటుంది వదిన. రేకులయ్యాక గోధుమరంగు దారంతో నడిమి కాడలు. రెండు పక్కలా గునుగు. గునుగుకు రిబ్బను చిన్న చిన్న ముడులు వేసింది, మొదట్లో తెలుపు, పైకి పోయేకొద్దీ గులాబీ రంగు. ఇస్త్రీ పెట్టెను దగ్గరికి రానివ్వలేదు. గిన్నెలో నీళ్లు మరగబెట్టి ఆవిరి వెనకనుంచి పట్టింది. ముడతలు పోయాయి, పూలు నిద్ర లేచినట్టు లేచాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది.

"వదినా, గిది సూస్తె బతుకమ్మ లెక్క కొడ్తాంది. వాళ్లు ఊకుంటరా?" అన్నాను.

"గీ పూలు బతుకమ్మ కంటె ముందుగాల్నే పుట్టినయ్ కరుణా. చర్చి ఎనుక కంచెకే పూస్తున్నయి. దేవుడు రోజు సూస్తనే ఉన్నడు గద."

అక్కడే ఆమె పొరపాటు చేసింది. దేవుడు చూస్తున్నది పెద్దలు కూడా చూస్తారనుకుంది.

కుట్టు నేర్చుకునే పిల్లల్లో సుస్మిత అని పాటల బృందంలో పాడే పిల్ల ఉంది. ముచ్చటపడి గుడ్డను ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టింది. దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. తరువాత ఎవరో 'ఇవి బతుకమ్మ పూలు కదా?' అని రాశారు. అంతే, గ్రూపు మూగబోయింది. సాయంత్రానికి బెంజమిన్, పాస్టరయ్య మా అన్న ఇంటికి వచ్చారు.

పాస్టరయ్య గుడ్డ ముందు వంగి చూసి "ఎంత బాగుందో!" అన్నాడు. అని, బెంజమిన్ ముఖం చూసి నిటారుగా నిలబడ్డాడు.

"చెల్లె, నీ చేతికి దండం పెట్టాలె," అన్నాడు బెంజమిన్. "గని గీ పూలు బల్ల మీదికి రావు."

"ఎందుకు రావన్నా? మొన్న ఆయితారం అయ్యగారు అడవి పూల మీదనే గద వాక్యం చెప్పిండు."

"గా అడవి పూలు వేరే."

"ఏ అడవియి?" అన్నాను నేను.

నా వైపు చూడలేదు ఆయన. నేను ఆయన బడిలో చదివినప్పుడు కూడా నా ప్రశ్నలు ఆయనకు వినబడేవి కావు.

"లిల్లీ పూలు కుట్టు చెల్లె. తెల్లగ, పవిత్రంగ ఉంటయి. గట్ల కుడితె నేను మాటిస్తున్న. రూప పేరు నేనే సదువుత."

వదిన అప్పటిదాకా నేలను చూస్తున్నది తల ఎత్తింది.

"సదువుతవా అన్నా? పేరు పెట్టి?"

"పేరు పెట్టి."

"మైకుల?"

"మైకులనే సదువుత. మాటంటె మాటనే."

వాళ్లు వెళ్లాక నేను ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాను. పీకొద్దన్నాను. ఆ గుడ్డ ఇంట్లోనే ఉంచుకుందాం, రూప ఫొటో కింద పరుద్దాం అన్నాను. అన్న గోడకు ఒరిగి కూర్చున్నాడు. ఆయన ఆ మట్టి రోజునుంచీ పెద్దగా మాట్లాడటం లేదు.

"పూలు మల్లొచ్చే యేడు గూడ పూస్తయి పిల్లా," అంది వదిన. "నా బిడ్డ పేరు మల్లెవరు సదువుతరు?"

కత్తెర నా చేతికిచ్చింది. నేను పట్టుకోలేదు. ఆమే పట్టుకుంది. రిబ్బను కుట్టును ముందునుంచి పీకకూడదు, గుడ్డ చినుగుతుంది. బోర్లా తిప్పి, వెనకనుంచి ఒక్కొక్క రేకు మొదలు కత్తిరించి, పక్కకు లాగాలి. మూతపడని వేళ్లకు కత్తెర పట్టు దొరకక జారుతుంటే రెండు చేతులతో నొక్కింది. పట్టు పోగులు పోగులుగా ఊడి ఒడి నిండా పసుపు రాలింది. పూలన్నీ పోయాక గుడ్డను వెలుతురుకు ఎత్తి చూసింది. లావు సూది దిగిన చోటల్లా బొక్కలు. మామూలు కుట్టు విప్పితే గోటితో గీకి ఆవిరి పడితే గుడ్డ మూసుకుంటుంది. ఇవి మూసుకోలేదు.

అందుకని లిల్లీలను ఆ బొక్కల కొలతకే కుట్టవలసి వచ్చింది. ఎక్కడ తంగేడు రేకు ఉందో అక్కడే వెడల్పు తెల్ల రిబ్బను కప్పింది. మర్రిగూడలో లిల్లీ ఎక్కడుంది చూడటానికి? సుస్మిత ఫోన్లో బొమ్మ తీసి ముందు పెట్టింది. వదిన ఆ బొమ్మలో చూసే కుట్టింది. అన్ని రేకులూ ఒక్క తీరుగా వచ్చాయి. అందరూ అద్భుతం అన్నారు.

హనుమంతు వచ్చేసరికి ఆఖరి లిల్లీ నడుస్తోంది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైందత్తమ్మా? తంగేడు ఏది?"

"తీసేసిన బిడ్డా. గివి పెడితె రూప పేరు సదువుతరంట. బెంజమినన్న మాటిచ్చిండు." వదిన గొంతులో ఉత్సాహం ఉంది. నిజం చెప్పాలి, ఉంది. "నువ్వు గూడ రావాలె. ముంగట్నే కూసోవాలె."

అతను వదిన పక్కన పళ్లెంలో తీసిపెట్టిన పసుపు పోగులను చూశాడు.

"పేరు సదువుతమంటె వస్త," అన్నాడు.

ప్రతిష్ఠ రోజు చర్చి ముందు షామియానా వేశారు. నల్లగొండనుంచి పెద్ద అయ్యగారు వచ్చారు. పక్కన పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజుల్లో బగారన్నం ఉడుకుతోంది. హనుమంతు తెల్ల చొక్కా వేసుకొని వచ్చాడు. గేటు దగ్గర బండి దిగి, జేబురుమాలు తీసి నుదుటి బొట్టు తుడుచుకోవడం నేను చూశాను. ఎవరూ తుడుచుకోమనలేదు. మా వదిన పరువు కోసం తుడుచుకున్నాడు. ముందుకు రమ్మంటే మొహమాటపడి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

బల్ల మీద లిల్లీలు తెల్లగా మెరుస్తున్నాయి. బెంజమిన్ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఫ్యాన్లయ్యాయి, కుర్చీలయ్యాయి, మైకు సెట్టయింది. వదిన నా పక్కన కూర్చొని పెదవులు కదుపుతోంది. ఏం ప్రార్థిస్తోందో నాకు వినబడలేదు గాని తెలుసు.

"ఈ సుందరమైన బల్ల గుడ్డ," అన్నాడు బెంజమిన్ మైకు భాషలో, "మన సంఘ సభ్యురాలు స్వర్ణమ్మ గారు తన స్వహస్తాలతో కుట్టి ఇచ్చినది. తన కుమార్తె రూప జ్ఞాపకార్థం."

చదివాడు. పేరు పెట్టి, మైకులో చదివాడు. వదిన భుజాలు ఒక్కసారి వదులయ్యాయి, తల వంగింది. అన్న ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే నేనే వెళ్లి బెంజమిన్ కాళ్లకు దండం పెట్టేదాన్ని. కాని చేతిలో మైకు ఉన్న మనిషి అంతటితో ఆగడు.

"రూప లోకాశలలో పడి మందనుంచి తప్పిపోయింది. అది మనందరికీ తెలుసు. కాని మీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఆసుపత్రిలో ఆఖరి ఘడియలో ఆ బిడ్డ కన్నీళ్లతో తల్లి చెయ్యి పట్టుకుంది. అమ్మా, నేను చేసింది తప్పు, ఆ పెళ్లి తప్పు, నన్ను క్షమించు, నన్ను మళ్లీ ప్రభువు దగ్గరికి చేర్చు అని పశ్చాత్తాపపడి కన్నుమూసింది. తప్పిపోయిన బిడ్డ తిరిగి వచ్చింది! అందరూ ఆమేన్ అనండి!"

"ఆమేన్!" కొత్త స్లాబు కంగుమంది.

నా ఒళ్లు మండిపోయింది. లేవబోయాను. వదిన నా మణికట్టు పట్టుకొని కిందికి గుంజింది. ఆ వేళ్లలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"కూసో," అంది పళ్ల మధ్యనుంచి. "పేరు సదివిండు. కూసో."

"వదినా, అబద్ధం చెప్తుండు..."

"లొల్లి జేస్తె పేరు గూడ తీసేస్తరు. కూసో కరుణా, నీ కాళ్లు మొక్కుత."

బెంజమిన్ మళ్లీ ఆమేన్ అనమన్నాడు. మళ్లీ అన్నారు. ఆడవాళ్లు వెనక్కి తిరిగి వదినను చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నారు. వదిన పెదవులు కదిలాయి. ఆమేన్ అందో లేదో నేను చెప్పలేను. నేను తిరిగి చూసేసరికి ఆఖరి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

ఆరాధన అయిపోగానే జనం వదిన చుట్టూ మూగారు. ఇన్నాళ్లూ రూప పేరు పలకని నోళ్లన్నీ ఒక్కసారి పలికాయి. రూప ఎంత అదృష్టవంతురాలో, ప్రభువు ఎంత దయగలవాడో. సుస్మిత ఫోను ఎత్తిపట్టుకొని వచ్చింది. ఆమెకు కుట్ల ఛానల్ ఒకటి ఉంది.

"ఆంటీ, గీ లిల్లీ కుట్టనీకి జర టిప్స్ చెప్పుర్రి. రికార్డ్ అయితాంది."

వదిన ఫోనువైపు చూసింది.

"ముందుగాల అక్కడ ఇంకో పువ్వు కుట్టాలె," అంది మెల్లగా, పాఠం చెప్పినట్టే. "గది మంచిగ అచ్చినంక పీకెయ్యాలె. బొక్కలు పడ్తయి. గా బొక్కలు ఎవలకు కానరాకుంట తెల్ల రిబ్బను కప్పాలె. గంతే బిడ్డా."

సుస్మిత నవ్వబోయింది. వదిన ముఖం చూసి ఫోను దించేసింది.

బెంజమిన్ చేతులు చాచుకుంటూ వచ్చాడు.

"సంతోషమేనా చెల్లె?"

"గా అబద్ధం ఎందుకు చెప్పినవ్ సార్?" అన్నాను నేను. "రూప గట్ల అన్నదని నీకెవరు చెప్పిన్రు?"

ఈసారి నా ప్రశ్న ఆయనకు వినబడింది. నొచ్చుకున్నాడు కూడా.

"అబద్ధం అంటవేందమ్మా? గట్ల చెప్పకపోతె తీసేసిన మనిషి పేరు బల్ల ముంగట ఎట్ల సదువుత? రేపు సంఘానికి నేనేం జవాబు చెప్పాలె? పిల్ల పేరు బాగు జెయ్యాలెననే గద. మీ కోసమే గద జేసిన." వదిన తల మీద చెయ్యి పెట్టి, "అన్నం తిని పోర్రి," అని వెళ్లిపోయాడు. ఆ ముఖంలో మోసం వెతికాను. దొరకలేదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. మోసగాడైతే తిట్టి చల్లారేదాన్ని, ఈ మేలు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హనుమంతు వెళ్లిపోలేదు. గేటు బయట బండి పక్కన నిలబడి ఉన్నాడు. వదిన దాదాపు పరుగెత్తినట్టు వెళ్లింది, వెనక నేను.

"అన్నం తినకుంట పోతవా బిడ్డా?"

"అత్తమ్మా, ఒక్కటడుగుత," అన్నాడు అతను. కళ్లెత్తలేదు. "నేను ప్లేట్‌లెట్ల కోసం ఉరికిన. పక్కపొంటి నువ్వొక్కదానివే ఉన్నవ్. రూప గట్ల అన్నదా?"

"లేదు బిడ్డా! గాయన కల్పించి చెప్పిండు."

"నన్ను చేసుకున్నది తప్పని అన్నదా?"

"నీ మీద ఒట్టు. గట్లాంటి మాట దాని నోట్లెకెల్లి రాలే. హనుమంతు పొద్దట్నుంచి ఏమన్న తిన్నడా అమ్మా అని అడిగింది. గదే అడిగింది. మల్ల మాట్లాడలే."

అతని ముఖం ఒక్క క్షణం విచ్చుకుంది. అప్పుడు తల ఎత్తి చర్చివైపు చూశాడు. తలుపుల దగ్గర జనం ఇంకా గుంపుగా ఉన్నారు.

"గంతమంది ముంగట గాయన గట్ల చెప్తుంటె నువ్వు లేవలే అత్తమ్మా."

"పేరు తీసేస్తరేమోనని..."

"గీ మాట అక్కడ చెప్పకపోతివి. ఇక్కడ నా ఒక్కనికి చెప్తున్నవ్." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నా మనసు నొయ్యొద్దని ఇప్పుడు చెప్తున్నవో, నిజంగనే గట్ల అడిగిందో, నాకెట్ల ఎరుక?"

వదిన చెయ్యి చాచి బండి పట్టుకుంది. నేను మధ్యలోకి వెళ్లి, మా వదిన అబద్ధం ఆడదని, కావాలంటే ప్రమాణం చేస్తానని ఏదేదో వాగాను. నేను ఆ రోజు దవాఖానలో లేను. ఆ సంగతి అతనికీ తెలుసు. వంగి వదిన కాళ్లకు మొక్కి, బండి తీసుకొని వెళ్లిపోయాడు.

ఆ తరువాత అతను మా గుమ్మం తొక్కలేదు. బస్టాండు దగ్గర ఎదురుపడితే నమస్తే పెడతాడు, తల దించుకొని మోటారు చుట్టుకుంటాడు. వదిన కబురు పంపింది, నేను వెళ్లి పిలిచాను, వస్తానంటాడు గాని రాడు. చర్చిలో మాత్రం ఇప్పుడు రూప పేరుకు కొదవ లేదు. పాస్టరయ్య ప్రసంగాల్లో వస్తుంది, ఆదివారం బడి పిల్లలకు చెప్పే కథల్లో వస్తుంది, పెళ్లీడు ఆడపిల్లలకు బుద్ధి చెప్పేటప్పుడు తప్పకుండా వస్తుంది. రూప ఆఖరికి తప్పు తెలుసుకొని పోయింది కదా స్వర్ణమ్మా, అని అడుగుతారు వదినను, సాక్ష్యం కోసం. వదిన అవునన్నట్టు తల ఊపుతుంది.